నిశ్శబ్దాన్ని చిత్రించినవాడు – ఎడ్వర్డ్ హాపర్

కవిత్వం, సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, శిల్పం అనే ఐదింటిని లలితకళలని పెద్దలు వ్యవహరించారు. వీటిలో కవిత్వాన్ని చదివి అర్థం చేసుకొనే పద్ధతిని మనం చిన్ననాటి నుంచే అభ్యసిస్తున్నాం. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశాలు చెప్పగలం. కాని ఒక చిత్రం ఎదుట నిలిచినప్పుడు బాగుంది, బాగాలేదు అనే రెండు మాటలతో సరిపెట్టుకుంటాం. నిజానికి పద్యానికి ఉన్నట్లే చిత్రానికి కూడా వాచ్యార్థం ఉంటుంది. దాని చాటున వ్యంగ్యార్థం ఉంటుంది. ఆ రెండింటినీ దాటి హృదయంలో నిలిచిపోయే భావం ఒకటి ఉంటుంది. దానిని గ్రహించడం కూడా అభ్యాసం వల్ల అలవడే విద్యయే.

ఉత్తర తెలంగాణకు చిత్రకళ కొత్తది కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ పట్టణం నల్లని నేలపై బంగారు వన్నెలతో మెరిసే చిత్రాలకు పేరు పొందింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో జన్మించిన పి.టి. రెడ్డి, తోట వైకుంఠం వంటి చిత్రకారులు దేశవ్యాప్తమైన కీర్తిని గడించారు. వైకుంఠం చిత్రించిన పల్లె స్త్రీ నిండైన బొట్టుతో, ముదురు రంగు చీరతో మన ఇంటి మనిషివలె పలకరిస్తుంది. ఆ చిత్రాల భావం చూడగానే హృదయానికి అందుతుంది. అయితే లోకంలో మరొక విధమైన చిత్రాలు కూడా ఉన్నాయి. వాటిలో పురాణగాథ లేదు, పండుగ లేదు, అలంకారం లేదు. మూసి ఉన్న దుకాణాల వరుస, గోడపై పడిన ఎండ, కాఫీ కప్పు ముందు తల వంచుకొని కూర్చున్న ఒక యువతి మాత్రమే కనిపిస్తారు. ఏమీ జరగని ఆ చిత్రాల ముందు చూపరులు ఎంతోసేపు నిలబడిపోతారు. అటువంటి చిత్రాలకు తన జీవితాన్ని ధారపోసినవాడు అమెరికా దేశపు వాస్తవిక చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్. ఆయన జీవితాన్ని తెలుసుకోవడం, ఆయన చిత్రాలను చదవడం నేర్చుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

బాల్యం – విద్యాభ్యాసం

ఎడ్వర్డ్ హాపర్ 1882 జూలై 22వ తేదీన న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున ఉన్న నయాక్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి గారెట్ హెన్రీ హాపర్ బట్టల దుకాణం నడిపేవాడు. తల్లి ఎలిజబెత్. మేరియన్ అనే అక్క ఉండేది. నయాక్‌లో ఆ రోజుల్లో పడవలు నిర్మించే కార్ఖానాలుండేవి. బాలుడైన హాపర్ నదిపై సాగే తెరచాప పడవలను గంటల తరబడి చూస్తూ, వాటి బొమ్మలు గీస్తూ పొద్దుపుచ్చేవాడు. నీటిపై పడిన వెలుగు, తెరచాపపై నిలిచిన ఎండ అతని కన్నులలో అప్పుడే చోటు చేసుకున్నాయి. చిన్నవయసులోనే అతడు అసాధారణమైన పొడవు పెరిగాడు. అందువల్ల తోటి పిల్లల నడుమ కొంత ఒంటరిగా ఉండేవాడు. స్వభావం చేత మితభాషి. పుస్తకాలు, బొమ్మలు అతనికి నేస్తాలయ్యాయి.

తల్లిదండ్రులు అతని చిత్రకళాభిరుచిని అడ్డుకోలేదు. కాని చిత్రలేఖనంతో కడుపు నిండుతుందా అనే చింత మన ఇళ్లలో వలెనే ఆ ఇంటిలోనూ ఉండేది. కనుక పత్రికలకు, ప్రకటనలకు బొమ్మలు వేసే వృత్తి నేర్చుకొమ్మని వారు కోరారు. హాపర్ 1899లో న్యూయార్క్‌లోని ఒక చిత్రకళా శిక్షణాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరం న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రవేశించి 1906 వరకు అక్కడ అభ్యసించాడు. విలియం మెరిట్ చేజ్, రాబర్ట్ హెన్రీ వంటివారు ఆయనకు గురువులు. జార్జ్ బెల్లోస్, రాక్‌వెల్ కెంట్ సహాధ్యాయులు.

రాబర్ట్ హెన్రీ బోధన ఆ తరం విద్యార్థులను మేల్కొలిపింది. చిత్రకారుడు ధనికుల మందిరాలలోని సొగసులను విడిచి, తన చుట్టూ ఉన్న జీవితాన్ని చూడాలని ఆయన ఉపదేశించాడు. అప్పటికే విన్‌స్లో హోమర్, థామస్ ఈకిన్స్ వంటి చిత్రకారులు అమెరికాలో వాస్తవికతకు పునాది వేశారు. హెన్రీ, ఆయన అనుయాయులు ఆ వాస్తవికతను నగర వీధులలోకి నడిపించారు. ఇరుకు సందులు, కూలీజనం, మద్యశాలలు, ఆరవేసిన బట్టలు వారికి వస్తువులయ్యాయి. ఇటువంటి చిత్రాలు వేసినవారికి చెత్తకుండీ చిత్రకారులనే అర్థం వచ్చే పేరు తరువాత స్థిరపడింది. హాపర్ ఆ గురువు నుంచి నిత్యజీవితాన్ని గౌరవించడం నేర్చుకున్నాడు. అయితే ఆ బృందంవారు వీధిలోని సందడిని చిత్రించగా, ఆయన సందడి సద్దుమణిగిన తరువాతి వీధిని ఎన్నుకున్నాడు.

1906, 1909, 1910 సంవత్సరాలలో హాపర్ మూడు పర్యాయాలు ఐరోపాకు వెళ్లి, ఎక్కువ కాలం పారిస్‌లో గడిపాడు. ఆ కాలంలో పారిస్ చిత్రకళలో గొప్ప తిరుగుబాటు జరుగుతున్నది. పికాసో వంటివారు ఆకారాలను ముక్కలు చేసి కొత్త రూపాలు కడుతున్నారు. హాపర్ ఆ ప్రవాహంలో పడలేదు. సెయిన్ నది వంతెనలపై, గోడలపై పడే లేత వెలుగును పరిశీలించాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ మహాచిత్రాన్ని చూసి ముగ్ధుడయ్యాడు. 1910 తరువాత ఆయన మరల ఐరోపాలో అడుగు పెట్టలేదు.

సుదీర్ఘ నిరీక్షణ

స్వదేశానికి తిరిగివచ్చిన హాపర్‌కు ఆదరణ లభించలేదు. 1913లో న్యూయార్క్‌లో ఆర్మరీ షో అనే ప్రఖ్యాత ప్రదర్శన జరిగింది. అందులో ఆయన వేసిన తెరచాప పడవ చిత్రం 250 డాలర్లకు అమ్ముడుపోయింది. కష్టాలు తీరినట్లేనని ఎవరైనా భావిస్తారు. కాని ఆ తరువాత పది సంవత్సరాల పాటు ఆయన చిత్రం ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. ఆ సంవత్సరమే ఆయన తండ్రి మరణించాడు. ఆ సంవత్సరమే వాషింగ్టన్ స్క్వేర్ ప్రాంతంలో ఒక పాత భవనపు పై అంతస్తులోకి మారాడు. 74 మెట్లెక్కి ఆ గదికి చేరాలి. చలికాలంలో పొయ్యికి కావలసిన బొగ్గును ఆ మెట్ల మీదుగానే మోసుకొని పోవాలి. కీర్తి, ధనం లభించిన తరువాత కూడా ఆయన ఆ నివాసాన్ని విడువలేదు. చివరి శ్వాస వరకు అక్కడే ఉన్నాడు.

జీవిక కోసం ఆయన పత్రికలకు, వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేసేవాడు. ఆ పని ఆయనకు ఏమాత్రం రుచించేది కాదు. పత్రికలవారు హావభావాలు ఒలికిస్తూ కదలాడే మనుషులను కోరేవారు. హాపర్ మనసు మాత్రం ఒక ఇంటి గోడపై పడిన ఎండను చిత్రించాలని ఉవ్విళ్లూరేది. బతుకు కోసం చేసే పనికి, మనసు కోరే పనికి నడుమ సాగిన ఈ ఘర్షణ దాదాపు ఇరవై సంవత్సరాలు ఆయనను వేధించింది. 1915లో ఆయన ఎచింగ్ నేర్చుకున్నాడు. లోహపు రేకుపై గీతలు గీసి, ఆమ్లంతో వాటిని లోతు చేసి, సిరా నింపి కాగితంపై ముద్ర తీసే పద్ధతిని ఎచింగ్ అంటారు. ఇందులో రంగు ఉండదు. వెలుగు, నీడ మాత్రమే ఉంటాయి. రంగు లేకుండా మౌనాన్ని చిత్రించడం ఆయనకు ఈ సాధన వల్ల పట్టువడింది.

1920లో విట్నీ స్టూడియో క్లబ్‌లో ఆయన మొదటి సొంత ప్రదర్శన జరిగింది. 16 చిత్రాలు పెట్టారు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. అప్పటికి ఆయన వయస్సు 37 సంవత్సరాలు. ఆ వయస్సుకు చాలామంది తమ దారి మార్చుకుంటారు. ఆయన మార్చుకోలేదు.

సహధర్మచారిణి

1923 వేసవిలో హాపర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్లౌసెస్టర్ అనే సముద్రతీర పట్టణానికి వెళ్లాడు. అక్కడ జోసెఫిన్ నివిసన్ అనే చిత్రకారిణితో స్నేహం బలపడింది. 1883లో జన్మించిన జోసెఫిన్ కూడా రాబర్ట్ హెన్రీ శిష్యురాలే. ఆమె ఉపాధ్యాయినిగా పనిచేసింది. నాటకాలలో నటించింది. ఆయన మౌని. ఆమె మాటకారి. ఆయనను నీటిరంగులతో చిత్రించమని ప్రోత్సహించింది ఆమెయే. బ్రూక్లిన్ మ్యూజియంవారు తమ ప్రదర్శనకు ఆమె చిత్రాలను కోరినప్పుడు, హాపర్ చిత్రాలను కూడా చూడమని ఆమె సూచించింది. ఆ మాట ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. మ్యూజియంవారు ఆయన నీటిరంగు చిత్రాలు ఆరింటిని ప్రదర్శించి, వాటిలో ఒకదానిని 100 డాలర్లకు కొన్నారు. పది సంవత్సరాల తరువాత అమ్ముడుపోయిన తొలి చిత్రం అది.

1924 జూలై 9వ తేదీన వారిద్దరికీ వివాహం జరిగింది. ఆ సంవత్సరమే ఫ్రాంక్ రేన్ అనే కళావ్యాపారి నిర్వహించిన ప్రదర్శనలో హాపర్ నీటిరంగు చిత్రాలన్నీ అమ్ముడుపోయాయి. నచ్చని వృత్తికి ఆయన స్వస్తి చెప్పగలిగాడు.

అప్పటి నుంచి హాపర్ చిత్రాలలో కనిపించే స్త్రీమూర్తులలో దాదాపు అందరికీ జోసెఫినే నమూనాగా నిలిచింది. కార్యాలయంలో పనిచేసే యువతి, సినిమాహాలులో నిలబడిన ఉద్యోగిని, కిటికీ దగ్గర కూర్చున్న గృహిణి అందరూ ఆమెయే. భర్త పూర్తిచేసిన ప్రతి చిత్రం వివరాలను, ధరను, కొన్నవారి పేరును ఆమె లెక్కల పుస్తకాలలో శ్రద్ధగా రాసిపెట్టింది. అయితే ఈ దాంపత్యంలో ఆమె కళ వెనుకబడిపోయింది. ఆమె చిత్రాలను భర్త పెద్దగా ప్రోత్సహించలేదు. వారి నడుమ కలహాలు తరచుగా జరిగేవని ఆమె దినచర్యలు తెలియజేస్తున్నాయి. ఒంటరితనాన్ని అంత సూక్ష్మంగా చూడగలిగిన చిత్రకారుడు తన ఇంటిలోని సహచరి ఒంటరితనాన్ని తగినంతగా గుర్తించలేదనే మాట కఠినమైనదే అయినా విస్మరింపరానిది. మహనీయుల చరిత్రను చదివేటప్పుడు వారి వెలుగుతో పాటు వారి నీడను కూడా చూడడం న్యాయం.

చిత్రాన్ని చదవడం

ఇక ఆయన చిత్రాలను పరిశీలిద్దాం. మన ఆలంకారికులు రసనిష్పత్తికి విభావానుభావాదులను కారణాలుగా చెప్పారు. విభావం రెండు విధాలు. ఏ వ్యక్తిని ఆశ్రయించి భావం పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబన విభావం. వెన్నెల, ఉద్యానం, మలయమారుతం వంటివి ఆ భావాన్ని పెంచే ఉద్దీపన విభావాలు. మన ప్రబంధాలలో నాయికా నాయకులు ప్రధానం. వెన్నెల వారికి పరిచారిక. హాపర్ ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. ఆయన చిత్రంలో వెలుగు, గోడ, కిటికీ, ఖాళీ వీధి ప్రధాన పాత్రలవుతాయి. మనిషి వాటి నడుమ చిన్నవాడై కనిపిస్తాడు. కొన్నిచోట్ల అసలే కనిపించడు. ఈ కీలకం తెలిస్తే ఆయన చిత్రాలలోకి ప్రవేశించడం సులభం.

1925లో చిత్రించిన రైలుదారి పక్క ఇల్లు అనే తైలవర్ణ చిత్రాన్ని చూడండి. పాతకాలపు ఎత్తైన మేడ. చుట్టూ చెట్టు లేదు, మనిషి లేడు. ముందు భాగంలో రైలు పట్టాలు అడ్డంగా సాగి ఆ ఇంటి పునాదిని మనకు కనబడనీయవు. ఒక వైపు ఎండ, మరొక వైపు నీడ. ఇంతే వాచ్యం. ఇక వ్యంగ్యం చూద్దాం. పట్టాలు కొత్త కాలానికి, వేగానికి గుర్తులు. మేడ గడిచిన కాలపు హోదాకు గుర్తు. వేగంగా పోయే కాలం నిలిచి ఉన్నదానిని దాటిపోతున్నది. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలులో పెద్దపల్లి, మంచిర్యాల దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూసినవారికి ఇటువంటి ఒంటరి ఇల్లు ఏదో ఒకటి తారసపడే ఉంటుంది. క్షణకాలం కనిపించి మాయమవుతుంది. అందులో ఎవరుంటారో అనే ప్రశ్న మాత్రం మిగులుతుంది. హాపర్ ఆ క్షణాన్ని కదలకుండా నిలిపాడు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో 1930లో మొట్టమొదట చేరిన తైలవర్ణ చిత్రం ఇదే.

1930లో వేసిన ఆదివారం తెల్లవారుజాము అనే చిత్రంలో రెండంతస్తుల ఎర్ర ఇటుకల కట్టడం వీధి పొడవునా సాగుతుంది. కింద దుకాణాలు, పైన నివాసాలు. దుకాణాలు మూసి ఉన్నాయి. క్షురశాల గుర్తైన రంగుల స్తంభం, నీటి గొట్టపు మొన నేలపై పొడవైన నీడలు పరుస్తున్నాయి. మొదట హాపర్ పై అంతస్తులోని ఒక కిటికీలో మనిషిని చిత్రించి, తరువాత రంగు పూసి చెరిపివేశాడు. మనిషి ఉంటే మన దృష్టి అతనిపైకే పోతుంది. మనిషి లేకపోవడం చేత ప్రతి కిటికీ వెనుకా ఒక జీవితాన్ని మనమే ఊహిస్తాం. చెప్పకుండా విడిచిపెట్టడం కూడా చెప్పడమేనని మన ధ్వనికారులు బోధించిన విషయం ఇక్కడ రంగులలో రుజువవుతున్నది. ఈ చిత్రం విషయంలో మరొక సంగతి గమనించదగినది. పేరులోని ఆదివారం అనే మాట హాపర్ పెట్టినది కాదు, ఇతరులు చేర్చినది. ఆదివారం అనగానే మనకు విశ్రాంతి తోస్తుంది. ఆ మాట లేకపోతే అదే వీధిలో ఆర్థిక మాంద్యపు రోజుల నిస్తబ్ధత తోచవచ్చు. కనుక చిత్రాన్ని ముందు చూసి, పేరును తరువాత చదవడం మంచి అలవాటు.

1927 నాటి ఆటోమాట్ చిత్రంలో ఒక యువతి ఫలహారశాలలో ఒంటరిగా కాఫీ ముందు కూర్చుంటుంది. నాణెం వేస్తే యంత్రపు అరలోంచి ఆహారం లభించే ఫలహారశాలను ఆ రోజుల్లో ఆటోమాట్ అనేవారు. అక్కడ వడ్డించేవారు ఉండరు, పలకరించేవారు ఉండరు. యువతి ఒక చేతి తొడుగు మాత్రమే తీసింది. ఆమె వెనుక పెద్ద కిటికీ. అందులో వీధి కనిపించదు. గది దీపాల ప్రతిబింబాలు మాత్రం చీకటిలోకి వరుసగా సాగిపోతాయి. ఆమె ఎవరి కోసమైనా ఎదురుచూస్తున్నదా, ఎవరినైనా విడిచి వచ్చినదా, పని ముగించుకొని అలసిపోయినదా అనే విషయం చిత్రకారుడు చెప్పడు. చింత, దైన్యం, ఔత్సుక్యం వంటి సంచారి భావాలు ఆమె ముఖంపై నీడల వలె కదులుతాయి. అవి ఒక స్థాయీభావంగా పండి నిలవవు. అందువల్లనే ఒకే చిత్రం ఒకరికి దుఃఖంగా, మరొకరికి విశ్రాంతిగా కనిపిస్తుంది.

హాపర్ కీర్తికి శిఖరం వంటి చిత్రం నైట్‌హాక్స్. దీనిని నిశాచరులని అనువదిస్తే మన సాహిత్యంలో రాక్షసులని అర్థం వస్తుంది. కనుక రాత్రి మేలుకొని ఉండేవారు అని చెప్పుకోవడం ఉచితం. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగింది. అమెరికా యుద్ధంలో ప్రవేశించింది. నగరమంతా భయం అలముకొన్న ఆ వారాలలో హాపర్ ఈ చిత్రంపై పనిచేసి 1942 జనవరిలో పూర్తిచేశాడు. అర్ధరాత్రి, నిర్మానుష్యమైన వీధి. మూలమలుపులో పెద్ద అద్దాల ఫలహారశాల. లోపల నలుగురు. ఒక పురుషుడు, ఎర్రని దుస్తులు ధరించిన ఒక స్త్రీ పక్కపక్కన కూర్చున్నారు. మరొక పురుషుడు మనవైపు వీపు చేసి ఒంటరిగా ఉన్నాడు. తెల్లని దుస్తుల పనివాడు వంగి ఏదో చేస్తూ తలెత్తి చూస్తున్నాడు. లోపలి దీపకాంతి అద్దం దాటి వీధి మీద పరచుకున్నది. వీధిలోంచి లోపలికి పోవడానికి తలుపు మాత్రం చిత్రంలో ఎక్కడా కనిపించదు. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆ సంవత్సరమే దీనిని 3,000 డాలర్లకు కొన్నది.

విమర్శకులు చాలామంది ఇది మహానగరపు ఒంటరితనాన్ని చెప్పే చిత్రమన్నారు. హాపర్ ఆ వ్యాఖ్యను పూర్తిగా ఒప్పుకోలేదు, పూర్తిగా తోసిపుచ్చలేదు. తన చిత్రాలలోని ఒంటరితనాన్ని గురించి అవసరానికి మించి చెబుతున్నారని ఒకసారి విసుగుపడ్డాడు. తెలియకుండానే తాను పెద్ద నగరపు ఒంటరితనాన్ని చిత్రించి ఉండవచ్చునని మరొకసారి అంగీకరించాడు. ఈ రెండు మాటలలో వైరుధ్యం లేదు. కృతిలోని అర్థమంతా కర్త ముందుగా తలచుకొని పెట్టినదే కానక్కర లేదు.

అయితే సహృదయుడు తన ఇష్టం వచ్చినట్లు అర్థం చెప్పవచ్చునా? చెప్పరాదు. వ్యంగ్యం ఎప్పుడూ వాచ్యాన్ని ఆశ్రయించి ఉండాలి. చిత్రంలో కనిపిస్తున్నదానిని సాక్ష్యంగా చూపగలగాలి. తలుపు కనిపించకపోవడాన్ని, నలుగురూ ఎవరి ఆలోచనలో వారుండడాన్ని, ఖాళీ వీధిని చూపి ఇది ఏకాకితనమని వాదించవచ్చు. పక్కపక్కనున్న ఇద్దరి చేతులు దాదాపు తాకుతున్నట్లుండడాన్ని, పనివాడు తలెత్తి చూడడాన్ని, చీకటి నగరంలో ఆ ఒక్క చోటే దీపం వెలగడాన్ని చూపి ఇది ఆశ్రయమని కూడా వాదించవచ్చు. రెండింటికీ సాక్ష్యం ఉన్నది. కనుక రెండూ నిలుస్తాయి. యుద్ధ సైనికులు మాత్రం చిత్రంలో ఎక్కడా లేరు. ఆనాటి భయం ఈ నిశ్శబ్దంలో ఇంకి ఉండవచ్చునని మాత్రమే అనగలం. ఇది యుద్ధచిత్రమని అనలేం. ఊహకు హద్దు గీయడం కూడా వ్యాఖ్యాత ధర్మమే.

సముద్రాల ఆవలి ఈ చిత్రం మనకెందుకు అనే సందేహం కలగవచ్చు. అర్ధరాత్రి బస్సు దిగి, బస్టాండు ఎదుట ట్యూబులైటు వెలుగులో ఒక్కటే తెరిచి ఉన్న చాయ దుకాణాన్ని చూసినవారికి ఈ చిత్రం కొత్తది కాదు. అక్కడ నిలబడిన నలుగురూ ఒకరికొకరు తెలియరు. ఎవరూ మాట్లాడరు. అయినా ఆ వెలుగులో ఉన్నంతసేపు ఎవరికీ భయం వేయదు. మన ప్రాంతం నుంచి బతుకుదెరువు కోసం ముంబయి, భివండీలకు, గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. పగలు పనిలో మునిగి, రాత్రి పరాయి నగరపు గదిలో కిటికీ దగ్గర కూర్చొనే ఆ తండ్రి, ఆ అన్న ఏమి తలుస్తారో మనకు ఉత్తరాలలోనూ ఫోనులోనూ పూర్తిగా తెలియదు. హాపర్ చిత్రం ముందు నిలిచినప్పుడు వారి మౌనం కొంత అర్థమవుతుంది. ఒక దేశపు చిత్రం మరొక దేశపు హృదయాన్ని తాకడమంటే ఇదే.

చివరి సంవత్సరాలు

1933లో మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, 1950లో విట్నీ మ్యూజియం ఆయన చిత్రాలతో విస్తృత ప్రదర్శనలు నిర్వహించాయి. 1952లో వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో అమెరికాకు ప్రాతినిధ్యం వహించిన నలుగురు కళాకారులలో ఆయన ఒకడు. వేసవులను కేప్ కాడ్ సముద్రతీరాన ట్రూరో గ్రామంలో గడిపేవాడు. జోసెఫిన్‌కు వారసత్వంగా లభించిన ధనంతో 1934లో అక్కడ ఇల్లు కట్టుకున్నారు. కీర్తి పెరిగినా ఆయన వేగం పెరగలేదు. ఏడాదికి ఒకటి రెండు తైలవర్ణ చిత్రాలు పూర్తయిన సంవత్సరాలు అనేకం. వస్తువు మనసులో పక్వమయ్యే వరకు నెలల తరబడి ఎదురుచూసేవాడు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా చిత్రకళలో నైరూప్య ధోరణి ప్రబలమైంది. ఆకారమే లేని రంగుల ప్రవాహాలకు గౌరవం పెరిగింది. వాస్తవిక చిత్రణ పాతబడిపోయిందన్నారు. 1953లో వాస్తవిక చిత్రకారులు కొందరు తమ అభిప్రాయాలను ప్రకటించడానికి రియాలిటీ అనే పత్రికను ప్రారంభించగా, హాపర్ వారితో చేయి కలిపాడు. గాలి ఎటు వీచినా ఆయన తన కిటికీని, తన వెలుగును విడువలేదు. 1963లో, ఎనభై ఏళ్లు దాటిన వయస్సులో, ఖాళీ గదిలో ఎండ అనే చిత్రాన్ని వేశాడు. గదిలో మనిషి లేడు, సామాను లేదు. కిటికీలోంచి వచ్చిన ఎండ గోడపై పలకలుగా నిలిచి ఉన్నది. యౌవనంలో పత్రికా కార్యాలయాల చుట్టూ తిరుగుతూ ఏ కోరికను మనసులో దాచుకున్నాడో, ఆ కోరిక ఇక్కడ నిరాడంబరంగా నెరవేరింది.

ఆయన చివరి చిత్రం ఇద్దరు విదూషకులు. వేదిక అంచున తెల్లని దుస్తులలో ఒక పురుషుడు, ఒక స్త్రీ చేయి చేయి పట్టుకొని ప్రేక్షకులకు వీడ్కోలు చెబుతున్నారు. వారు తామిద్దరమేనని జోసెఫిన్ తరువాత తెలియజేసింది. నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన చిత్రాలలో అన్యస్త్రీల రూపాలలో నిలిచిన ఆమె, చివరికి ఆయన పక్కన తన స్థానంలో నిలిచింది. ఆలస్యంగానైనా చెల్లించిన రుణమది.

1967 మే 15వ తేదీన హాపర్ వాషింగ్టన్ స్క్వేర్‌లోని తన గదిలోనే మరణించాడు. 1968 మార్చి 6వ తేదీన జోసెఫిన్ కూడా కన్నుమూసింది. మూడువేలకు పైగా కళాకృతులను ఆమె విట్నీ మ్యూజియానికి సమర్పించింది. వాటిలో హాపర్ కృతులు పదిలంగా ఉన్నాయి. ఆమె సొంత చిత్రాలలో చాలా భాగం మాత్రం చెల్లాచెదరై జాడ తెలియకుండా పోయాయి. మిగిలిన వాటిని వెదకి, ఆమెను చిత్రకారిణిగా గుర్తించే ప్రయత్నం తరువాతి తరాలవారు చేస్తున్నారు. ఒకనాడు 250 డాలర్లకు తొలి చిత్రాన్ని అమ్ముకున్న హాపర్ వేసిన చాప్ సూయి అనే 1929 నాటి చిత్రం, 2018లో జరిగిన వేలంలో 9 కోట్ల డాలర్లకు పైగా ధర పలికింది. అయితే ధర చిత్రం విలువకు కొలమానం కాదు. పదేళ్లపాటు ఎవరూ కొనని రోజుల్లో కూడా ఆయన చూసిన వెలుగు ఇదే.

విద్యార్థులు ఏ చిత్రాన్ని చూసినా తొందరపడి అర్థం చెప్పరాదు. ముందు అందులో ఏమేమి ఉన్నాయో నిదానంగా చూడాలి. వెలుగు ఎటు నుంచి వస్తున్నదో, మనుషులు ఎటు చూస్తున్నారో గమనించాలి. ఉండవలసినది ఏది లేదో ప్రశ్నించుకోవాలి. అప్పుడు తన మనసులో కదిలిన భావానికి చిత్రంలో ఆధారం వెదకాలి. ఈ క్రమం చిత్రాలకే పరిమితం కాదు. పద్యానికీ వర్తిస్తుంది, మనిషికీ వర్తిస్తుంది. తరగతి గదిలో చివరి బల్లపై మౌనంగా కూర్చొనే మిత్రుని, సాయంత్రం వాకిట్లో ఒంటరిగా కూర్చొనే నాయనమ్మను ఇంత శ్రద్ధతో ఒక్కసారి చూడగలిగితే, హాపర్ చిత్రాలను చదవడం మనకు వచ్చినట్లే.